సైకోసిస్ మందులతో కండరాలు పట్టేసినప్పుడు: ఏ ఇబ్బందికి ఏ దారి మేలు

స్కిజోఫ్రీనియాకు గానీ, బైపోలార్ జబ్బులోని ఉన్మాద దశకు గానీ మందు మొదలుపెట్టిన రెండో రోజునో మూడో రోజునో ఇరవై రెండేళ్ళ కుర్రవాడి మెడ ఒక పక్కకు మెలితిరిగి, కనుగుడ్లు పైకి వెళ్ళి, నాలుక మందమై మాట ముద్దగా వస్తుంటే, ఇంట్లోవాళ్ళకు ముందుగా అనుమానం కలిగేది మందు మీద కాదు. ఫిట్స్ అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు, జబ్బు ముదిరిందని భయపడతారు. అదే మందు వేసుకున్న మరొకరు రెండు వారాలకల్లా కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ ఉండవచ్చు. ఇంకొకరు రెండు నెలలకు ముఖంలో ఏ భావమూ లేకుండా కొయ్యబారిపోవచ్చు. ఏళ్ళ తరబడి వాడిన పెద్దావిడ నోట్లో ఏమీ లేకపోయినా ఏదో నములుతున్నట్టు దవడ ఆడిస్తూ కనిపించవచ్చు. వీటన్నిటినీ మనం ‘సైడ్ ఎఫెక్ట్’ అన్న ఒక్క మాటతో చెప్పేస్తాము. చాలా చీటీల్లో వీటన్నిటికీ ఒకే విరుగుడు బిళ్ళ కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఇవి వేరు వేరు ఇబ్బందులు, వీటికి దారులు కూడా వేరు, ఒకదానిని తగ్గించే బిళ్ళ మరొకదానిని పెంచుతుంది. అందువల్ల ఏ మందు మంచిదని అడిగే ముందు, కనిపిస్తున్న కదలిక ఏ జాతిదో తేల్చుకోవలసి ఉంటుంది.

మోతాదు మార్చడం, మందు మార్చడం వైద్యుడు చేయవలసిన పని. ఉన్నట్టుండి మందు మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఈ ఇబ్బందుల్లో చాలావాటికంటే పెద్దది. ఇక్కడి పోలిక వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు సరైన ప్రశ్న అడగడానికి పనికివస్తుంది, అంతవరకే.

కండరం చెడదు, కండరానికి వచ్చే ఆజ్ఞ చెడుతుంది

పేరుకు ఇవి కండరాల ఇబ్బందులే అయినా కండరంలో లోపమేమీ ఉండదు. మెదడు లోపలి భాగంలో ఉండే స్ట్రయేటం అనే చోట డోపమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రెండు రసాయనాలు త్రాసులోని రెండు పళ్ళేల వలె పనిచేస్తూ కదలికలను అదుపులో ఉంచుతాయి. సైకోసిస్ మందులు డోపమిన్ అందుకునే డీ2 గ్రాహకాలను మూసివేస్తాయి. భ్రమలను, లేని మాటలు వినిపించడాన్ని తగ్గించేది ఆ మూసివేతే; అయితే అది కదలికల కేంద్రంలోనూ జరుగుతుంది కనుక త్రాసు ఒక పక్కకు ఒరిగిపోతుంది. మెదడు స్కానింగుల ద్వారా చేసిన పరిశోధనల ప్రకారం సుమారు 65 శాతం డీ2 గ్రాహకాలు మూసుకున్నప్పుడు జబ్బు మీద గుణం కనిపించడం మొదలవుతుంది, 80 శాతం దరిదాపులకు చేరితే బిగుతు, వణుకు మొదలవుతాయి. ఈ రెండు అంకెల నడుమ ఉన్న సందు ఎంత ఇరుకైనదో గమనిస్తే, హాలోపెరిడాల్ వంటి మందును ఒకటి రెండు మిల్లీగ్రాములు పెంచినంత మాత్రాన మనిషి ఎందుకు కొయ్యబారిపోతాడో అర్థమవుతుంది.

1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాఁ డిలే, పియెర్ డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్‌ను మానసిక రోగులకు వాడి ఫలితం చూపించారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాల నుంచి హాలోపెరిడాల్ వచ్చింది. ఆ తొలి కాలంలో కొందరు వైద్యులు బిగుతు రావడాన్ని మందు తలకెక్కిందనడానికి గుర్తుగా తీసుకునేవారు, అది వచ్చేదాకా మోతాదు పెంచేవారు కూడా. ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది క్లోజపిన్. అది బిగుతు తేకుండానే, పైగా మిగతా మందులకు లొంగని జబ్బు మీద కూడా పనిచేసింది. మన దేశంలో 1931లోనే గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ సర్పగంధ వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పనిచేస్తుందని రాశారు. 1952లో దాని నుంచి వేరుచేసిన రిసర్పిన్ కూడా, మెదడులోని డోపమిన్ నిల్వలను ఖాళీ చేసేది కనుక, ఇదే బిగుతును తెచ్చేది. వేరు నుంచి వచ్చిన మందు గనుక నిరపాయం అన్న వాదన ఇక్కడ చెల్లదు.

ముందుగా పేరు తేల్చుకోవాలి

పేరు తేల్చడానికి అన్నిటికంటే నమ్మదగిన ఆధారం కాలం. హఠాత్తుగా కండరం పట్టేయడం, అంటే డిస్టోనియా, మందు మొదలైన లేదా పెంచిన తరువాత మొదటి నాలుగైదు రోజుల్లోనే దాదాపు ఎప్పుడూ వస్తుంది. యువకులకు, అందులోనూ మగపిల్లలకు, హాలోపెరిడాల్ సూది వేసినప్పుడు ఎక్కువ. మెడ, దవడ, నాలుక, కళ్ళు పట్టేస్తాయి, నొప్పి ఉంటుంది, మనిషి స్పృహలోనే ఉంటాడు. ఫిట్స్‌కూ దీనికీ తేడా చెప్పే గుర్తు స్పృహే. ఇది చూడటానికి భయంకరంగా ఉన్నా విరుగుడు సులువైనది: ప్రోమెథజీన్ సూది, మన ఆసుపత్రుల్లో ఫెనర్గన్ అనే పేరుతో అందరికీ తెలిసినది, కండరానికి వేస్తే సాధారణంగా అరగంటలోపు మెడ తన చోటికి వస్తుంది. గొంతు కండరాలు పట్టేసి ఊపిరి అందకపోవడం, మింగలేకపోవడం మాత్రం అత్యవసరం. ఆ స్థితిలో ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. సూదితో తగ్గిన తరువాత కూడా కొన్ని రోజులు విరుగుడు బిళ్ళ రాస్తారు. హాలోపెరిడాల్ ఒంట్లో ఉండే కాలం ప్రోమెథజీన్ పనిచేసే కాలం కంటే ఎక్కువ కనుక, ఇంటికి వచ్చాక మళ్ళీ పట్టేయడం అరుదు కాదు.

రెండోది అకతీసియా. దీని గురించి ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే అన్నిటిలోకీ ఎక్కువగా పొరబడేది దీని విషయంలోనే. కొద్ది రోజుల నుంచి కొన్ని వారాలలోపు మొదలవుతుంది. మనిషి ఒక చోట కూర్చోలేడు, కూర్చుంటే కాళ్ళు ఆడిస్తూ ఉంటాడు, నిలబడితే ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి బరువు మారుస్తూ ఉంటాడు, లోపల ఏదో తరుముతున్నట్టు ఉందంటాడు. చూసేవారికి ఇది జబ్బు పెరిగినట్టు, ఆందోళన పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు ‘మళ్ళీ మొదలైంది’ అని వైద్యుడికి చెబుతారు, వైద్యుడు అదే మందు మోతాదు పెంచుతాడు, బాధ ఇంకా పెరుగుతుంది. ఈ వలయంలో పడి మందు మీద విరక్తితో మానేసినవారు ఉన్నారు. భరించలేక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినవారూ ఉన్నారు. తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న బాగా ఉపయోగపడుతుంది: ‘నీకు మనసు కుదురుగా లేదా, కాళ్ళు కుదురుగా లేవా?’ కాళ్ళే అని, నడిస్తే కొంచెం హాయిగా ఉందని జవాబు వస్తే అకతీసియాను అనుమానించాలి. 1989లో బార్న్స్ రూపొందించిన కొలమానం కూడా దాదాపు ఇదే చేస్తుంది. కూర్చున్నప్పుడు కనీసం రెండు నిమిషాలు, నిలబడినప్పుడు కనీసం రెండు నిమిషాలు గమనించి, లోపలి బాధ గురించి అడగమంటుంది. ఇంట్లో కూడా ఇది చేయవచ్చు, ఫోన్‌లో వీడియో తీసి వైద్యుడికి చూపించవచ్చు.

మూడోది మందు వల్ల వచ్చే పార్కిన్సనిజం. వారాల నుంచి సుమారు మూడు నెలల్లోపు మెల్లగా దిగుతుంది. చేతులు ఊపకుండా నడవడం, చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టడం, టీ గ్లాసు వణకడం, చొంగ కారడం, ముఖం చలనం లేకుండా మైనపు బొమ్మలా ఉండటం దీని లక్షణాలు. దీనిని జబ్బు వల్ల వచ్చిన నిర్లిప్తత అనో, దిగులు జబ్బు అనో, ఇంకా అన్యాయంగా సోమరితనం అనో అనుకోవడం మామూలు. ఇందుకు చాలా తేలికైన ఇంటి పరీక్ష ఒకటి ఉంది. ఒక నోటుపుస్తకంలో వారానికొకసారి తేదీ వేసి ఒకే తెలుగు వాక్యం రాయించండి. పార్కిన్సనిజం దిగుతుంటే మన గుండ్రటి అక్షరాలు వాక్యం చివరికి వచ్చేసరికి నువ్వుగింజల్లా చిన్నబడతాయి. మోతాదు తగ్గించిన తరువాత అవి మళ్ళీ విచ్చుకోవడం ఏ కొలమానం కంటే స్పష్టంగా కనబడుతుంది.

నాలుగోది టార్డివ్ డిస్కినీషియా, నెలలు, ఏళ్ళు గడిచాక వచ్చేది: పెదవులు చప్పరించడం, నాలుక పాములా బయటికి రావడం, వేళ్ళు వీణ మీటుతున్నట్టు కదలడం. ఇది వచ్చినవారికి చాలాసార్లు తెలియదు, ఎదుటివారికే తెలుస్తుంది. దీని సంగతి కింద విడిగా చెబుతాను.

ఐదోదానికి ఎంపిక అంటూ ఏమీ లేదు. జ్వరం, ఇనుప కడ్డీలా బిగిసిన ఒళ్ళు, చెమటలు, రక్తపోటు ఎగుడుదిగుడులు, మాటల్లో అయోమయం ఒకేసారి కనిపిస్తే అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. అరుదైనదే గాని ప్రాణాంతకం. కండరాలు చిట్లి రక్తంలో సీకే అనే ఎంజైము విపరీతంగా పెరుగుతుంది, మూత్రం ముదురు రంగుకు మారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. సైకోసిస్ మందు వేయడం అక్కడికక్కడే ఆపి ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, ఏ మందు వాడుతున్నారో ఆ అట్టపెట్టె కూడా వెంట తీసుకువెళ్ళాలి.

మందుల మధ్య పోలిక: ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునేవే అన్నీ

2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ 212 పరీక్షలను కలిపి 15 మందులను పోల్చింది. కండరాల ఇబ్బందుల లెక్కలో హాలోపెరిడాల్ ఒక కొసన, క్లోజపిన్ మరొక కొసన నిలిచాయి. మిగతావి నడుమ ఉన్నాయి. ఈ వరుసను చూసి ‘అయితే క్లోజపిన్‌తోనే మొదలుపెడదాం’ అనడానికి వీలు లేదు. అది కొద్దిమందిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది; 1975లో ఫిన్లాండ్‌లో అలా మరణాలు సంభవించాకే చాలా దేశాల్లో దానిని పక్కన పెట్టారు. తిరిగి 1988లో దాని సత్తా రుజువయ్యాక, రక్తపరీక్షల కట్టుబాటుతో వాడుకలోకి వచ్చింది. చాలా దేశాల పద్ధతిలో మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పదు. మలబద్ధకం తీవ్రమై ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కనుక రెండు మందులు తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా గుణం లేనివారికీ, తీవ్రమైన టార్డివ్ ఉన్నవారికీ అది సరైన ఎంపిక. తొలిసారి మందు మొదలుపెట్టేవారికి కాదు.

హాలోపెరిడాల్ చౌక, బలమైనది, ఎక్కడైనా దొరుకుతుంది, బరువు పెద్దగా పెంచదు. అత్యవసర విభాగంలో అదుపు తప్పిన రోగికి సూది వేయవలసి వచ్చినప్పుడు దానిని ఒంటరిగా ఇవ్వడం కంటే ప్రోమెథజీన్‌తో కలిపి ఇవ్వడం మేలని బ్రెజిల్‌లోనూ, మన పొరుగున వెల్లూరులోనూ జరిగిన పరీక్షల నుంచి తెలిసింది. ఒంటరిగా ఇచ్చినప్పుడు డిస్టోనియా స్పష్టంగా ఎక్కువ. యువకుడికి విరుగుడు లేకుండా హాలోపెరిడాల్ సూది వేయడానికి ఇవాళ సమర్థన ఏమీ లేదని నా అభిప్రాయం. పాత మందుల్లోనే క్లోర్‌ప్రోమజీన్ బిగుతును తక్కువగా తెస్తుంది, కానీ మత్తు, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం ఎక్కువ.

రిస్పెరిడోన్ మన దగ్గర అతి ఎక్కువగా రాసే మందుల్లో ఒకటి. దీనిని కొత్త తరం మందు అంటారు గాని ఆ పేరు మోతాదును బట్టి నిజమవుతుంది, అబద్ధమూ అవుతుంది. రోజుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల వరకు చాలామందికి నెమ్మదిగానే ఉంటుంది. 6 దాటితే హాలోపెరిడాల్‌కు చుట్టంలా ప్రవర్తిస్తుంది. ప్రోలాక్టిన్ అనే హార్మోనును పెంచి నెలసరి ఆపేయడం, పాలు రావడం దీనితో ఎక్కువ కనుక యువతులకు రాసేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పాలి. పాలిపెరిడోన్ దీని బిడ్డే, స్వభావమూ అదే.

ఓలాంజపిన్‌తో బిగుతు తక్కువ, నిద్ర బాగా పడుతుంది. కానీ ఆకలి పెరుగుతుంది, నడుము కొలత పెరుగుతుంది, చక్కెర పెరుగుతుంది. మధుమేహం వంశంలో ఉన్న కుటుంబాలు మనలో ఎన్ని ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు. వణుకు తప్పించుకోవడానికి ఓలాంజపిన్ ఎంచుకునేవారు మొదటి రోజే బరువు, నడుము, చక్కెర, కొవ్వు కొలిపించి రాసి పెట్టుకోవాలి. క్వెటియపిన్ డీ2 గ్రాహకాన్ని వదులుగా పట్టుకుని త్వరగా వదిలేస్తుంది కనుక బిగుతు చాలా తక్కువ. పార్కిన్సన్ జబ్బు ఉన్నవారికి సైకోసిస్ వస్తే ఈ మందుల్లో క్లోజపిన్, క్వెటియపిన్ వైపే ముఖ్యంగా చూసేది అందుకే. మత్తు దీని ముఖ్య లోపం.

అరిపిప్రజోల్ కథ వేరు. ఇది గ్రాహకాన్ని పూర్తిగా మూయదు, కొంత మూసి కొంత కదిలిస్తుంది. బరువు, ప్రోలాక్టిన్ లెక్కల్లో ఇది ఉత్తమమైన వాటిలో ఒకటి, కొయ్యబారడమూ తక్కువే. అకతీసియా మాత్రం తరచుగా వస్తుంది, ముఖ్యంగా మొదటి వారాల్లో, మోతాదు త్వరగా పెంచినప్పుడు. కారిప్రజీన్, లురాసిడోన్ కూడా ఈ విషయంలో దీనికి దగ్గరే. ‘ఈ మందుకు కండరాల ఇబ్బంది లేదు’ అని విన్న కుటుంబం, పదో రోజున కాలు నిలవని కొడుకును చూసి జబ్బే అనుకుని భయపడే అవకాశం ఎక్కువ. అందువల్ల అరిపిప్రజోల్ ఎంచుకునేవారికి అకతీసియా అనే మాట ముందే తెలిసి ఉండాలి.

పాత మందులన్నీ చెడ్డవి, కొత్తవన్నీ మంచివి అన్న లెక్కను 2005లో వెలువడిన అమెరికా కేటీ అధ్యయనం సరిదిద్దింది. 1493 మంది మీద జరిగిన ఆ పరీక్షలో పాత మందైన పెర్ఫెనజీన్‌ను మధ్యస్థ మోతాదులో వాడితే కొలమానాల ప్రకారం బిగుతు, అకతీసియా కొత్త మందులతో పోల్చినప్పుడు చెప్పుకోదగినంత ఎక్కువ కాలేదు. అయినా ఆ ఇబ్బందుల కారణంగా మందు మానేసినవారు పెర్ఫెనజీన్ జట్టులోనే ఎక్కువ. బరువు వల్ల మానేసినవారు ఓలాంజపిన్ జట్టులో ఎక్కువ. మొత్తం మీద 74 శాతం మంది 18 నెలలు పూర్తి కాకముందే తమకు ఇచ్చిన మందు మానేశారు. ఈ చివరి అంకె నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే మనిషి భరించగలిగే ఇబ్బంది ఏదో అతన్ని అడగకుండా రాసిన చీటీ ఎక్కువ రోజులు నిలవదు. ఒకరికి వణుకు ఉద్యోగం పోగొట్టే విషయం, టైలరుకో కంసాలికో చెయ్యి నిలకడే జీవనాధారం. మరొకరికి పది కిలోల బరువు పెరగడం అంతకంటే భరించరానిది.

ఇబ్బంది వచ్చాక ఉన్న దారులు

దారులు ప్రధానంగా మూడు: మోతాదు తగ్గించడం, మందు మార్చడం, విరుగుడు చేర్చడం. మన దగ్గర చాలాసార్లు మూడోది మొదటిదైపోతుంది. అది త్వరగా అవుతుంది, చౌక, జబ్బు తిరగబెట్టే భయం లేదు. రద్దీగా ఉండే ఓపీలో వైద్యుడికి ఉన్న సమయం కూడా అంతే. అయితే తీరికగా ఆలోచిస్తే, పార్కిన్సనిజం విషయంలో జబ్బు అదుపులో ఉన్నవారికి మోతాదును కొద్దికొద్దిగా తగ్గించి చూడటం మొదటి దారి కావాలి. తగ్గించిన ప్రతిసారీ కొన్ని వారాలు ఆగాలి, ఇంట్లోవాళ్ళు నిద్ర, మాటతీరు, అనుమానాలు గమనిస్తూ ఉండాలి. ఇప్పుడిప్పుడే తగ్గుతున్న జబ్బులో మోతాదు కదిలించడం కంటే తాత్కాలికంగా విరుగుడు చేర్చడం మేలు. మోతాదు తగ్గిస్తే జబ్బు, పెంచితే బిగుతు అన్న స్థితి వస్తే మందు మార్చడం తప్పదు. మార్పిడి రోజుల్లో రెండు మందులూ కొంతకాలం కలిసి నడుస్తాయి కనుక ఇబ్బంది తగ్గకముందు కాస్త పెరిగినట్టు ఉండవచ్చు. అప్పుడే కొత్త మందు పడలేదని తేల్చేయకూడదు.

అకతీసియాకు విరుగుడు బిళ్ళల ఎంపిక వేరు. చీటీల్లో తరచుగా కనిపించే విరుగుడు బిళ్ళ ట్రైహెక్సీఫెనిడిల్ దీని మీద పెద్దగా పనిచేయదు, పార్కిన్సనిజం కూడా కలిసి ఉంటే తప్ప. తక్కువ మోతాదు ప్రొప్రనలోల్ ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. ఆస్తమా ఉన్నవారికి ఇవ్వకూడదు, నాడి వేగం, రక్తపోటు తక్కువ ఉన్నవారికి తగదు, ఇన్సులిన్ వాడేవారిలో చక్కెర పడిపోయిన గుర్తులను కప్పేస్తుంది. ఆస్తమా ఉంటే రాత్రిపూట 15 మిల్లీగ్రాముల మిర్టాజపిన్ మంచి ప్రత్యామ్నాయం, ఆకలి పెరగడం దానికి చెల్లించే మూల్యం. క్లోనజిపామ్ త్వరగా ఊరటనిస్తుంది, అలవాటు కూడా త్వరగానే అవుతుంది కనుక వారాల లెక్కలోనే ఉంచాలి. ఇవన్నీ చేర్చే ముందు మోతాదు మరీ త్వరగా పెంచారేమో చూసుకోవడం అన్నిటికంటే చౌకైన చికిత్స.

ట్రైహెక్సీఫెనిడిల్ మీద కాసేపు ఆగాలి

పాసిటేన్ అనే పేరుతో మనవాళ్ళకు బాగా పరిచయమైన ఈ బిళ్ళ త్రాసులోని రెండో పళ్ళేన్ని, అంటే ఎసిటైల్‌కోలిన్‌ను తగ్గిస్తుంది. డిస్టోనియాకూ పార్కిన్సనిజానికీ నిజంగా పనిచేస్తుంది. మన మార్కెట్‌లో రిస్పెరిడోన్‌తోనూ, ట్రైఫ్లూపెరజీన్‌తోనూ దీనిని ఒకే బిళ్ళగా కలిపి అమ్ముతారు. ఇబ్బంది రాకముందే విరుగుడు వేసుకుంటున్నామన్న సంగతి చాలామందికి తెలియదు. దీర్ఘకాలం మందు వాడేవారందరికీ ముందుజాగ్రత్తగా ఇలాంటి విరుగుడు ఇవ్వడం సరి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే ప్రకటించింది. కలిపిన బిళ్ళకు ఇంకో లోపం ఉంది: ఒకదానిని తగ్గించి మరొకదానిని ఉంచే వీలుండదు. విడివిడి బిళ్ళలు ఒకటి ఎక్కువైనా నేను వాటికే మొగ్గుతాను.

నోరెండటం, మలబద్ధకం, మసకచూపు, మూత్రం సరిగా రాకపోవడం దీని ఇబ్బందులు. ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్ళకూ, కొన్ని రకాల నీటికాసులు ఉన్నవారికీ ప్రమాదం. మతిమరుపు తెస్తుంది, డిగ్రీ పరీక్షలకు చదువుకునే పిల్లవాడు చదివింది నిలవడం లేదంటే జబ్బును నిందించే ముందు ఈ బిళ్ళను చూడాలి. మరో సంగతి తెలుగు నేలకు ప్రత్యేకం: ఇది చెమటను తగ్గిస్తుంది. సైకోసిస్ మందులు కూడా ఒంటి వేడిని సరిచూసుకునే శక్తిని దెబ్బతీస్తాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో పొలం పనికి, కట్టడం పనికి వెళ్ళే మనిషికి ఈ రెండూ కలిస్తే వడదెబ్బ ముప్పు మామూలు కంటే ఎక్కువ. వేసవికి ముందు చేసే సమీక్షలో ‘ఈ విరుగుడు ఇంకా కావాలా’ అని అడగడం తప్పనిసరి. మూడు నెలలు దాటితే చాలామందికి దీనిని తగ్గించి ఆపవచ్చు, కానీ ఒక్కసారిగా కాదు. అలా ఆపితే వికారం, నిద్రలేమి, చెమటలు, బిగుతు ఒక్కసారి తిరిగి వస్తాయి. మూత్రం ఇబ్బంది, మతిమరుపు ఉన్నవారికి అమాంటడీన్ మెరుగైన ప్రత్యామ్నాయం, మూత్రపిండాలు బాగుంటే.

టార్డివ్: ఇక్కడ అన్ని లెక్కలూ తిరగబడతాయి

పార్కిన్సనిజంలో డోపమిన్ చాలదు. టార్డివ్‌లో ఏళ్ళ తరబడి మూతపడిన గ్రాహకాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయని ఎక్కువగా చెప్పే వివరణ. కనుక ట్రైహెక్సీఫెనిడిల్ దీనిని తగ్గించదు సరికదా పెంచుతుంది. మందు మోతాదు పెంచితే కదలికలు కొన్నాళ్ళు అణగుతాయి, అది మోసం. మందు ఒక్కసారిగా తగ్గిస్తే కదలికలు కొన్నాళ్ళు పెరిగి కనిపిస్తాయి, అది కూడా చూసి భయపడవలసినది కాదు. పాత మందులు వాడే పెద్దవారిలో ఏటా సుమారు 5 శాతం మందికి ఇది వస్తుందని చాలాకాలంగా లెక్క. వయసు మళ్ళినవారిలో మొదటి ఏడాదిలోనే అంతకు కొన్ని రెట్లు. స్త్రీలకు, మధుమేహం ఉన్నవారికి, ముందు బిగుతు వచ్చినవారికి ముప్పు ఎక్కువ. 1976 నుంచి వాడుకలో ఉన్న ఎయిమ్స్ అనే 12 అంశాల కొలమానంతో ఆరు నెలలకొకసారి చూస్తే ఇది మొదట్లోనే దొరుకుతుంది. మన ఢిల్లీ ఆసుపత్రికీ ఈ పేరుకూ సంబంధం లేదు, పొట్టి పేరు కలిసిందంతే.

దారుల్లో మొదటిది విరుగుడు బిళ్ళను మెల్లగా తీసేయడం. రెండోది క్వెటియపిన్‌కో క్లోజపిన్‌కో మారడం. తీవ్రంగా ఉన్నవారిలో క్లోజపిన్‌తో కదలికలు తగ్గిన అనుభవం చాలా ఉంది. మూడోది నాడీకణాల్లో డోపమిన్ నిల్వ ఉండే సంచులను నియంత్రించే మందులు. టెట్రాబెనజీన్ పాతది, దొరికేది, కానీ దిగులును, బిగుతును తేవచ్చు. రోజుకు రెండు మూడుసార్లు వేసుకోవాలి. 2017లో అమెరికాలో వాల్బెనజీన్, డ్యూటెట్రాబెనజీన్ ప్రత్యేకంగా టార్డివ్ కోసం అనుమతి పొందాయి. మొదటిది రోజుకు ఒక్కసారి చాలు. రెండోది టెట్రాబెనజీన్‌లోని కొన్ని హైడ్రోజన్ పరమాణువుల స్థానంలో బరువైన డ్యుటీరియం పెట్టి తయారుచేసినది, దానివల్ల ఒంట్లో మెల్లగా అరుగుతుంది. ఈ జాతి మందుల పని సర్పగంధ చేసిన పనికి చుట్టరికమే అన్నది చరిత్రలోని చిన్న చమత్కారం. దిగులు జబ్బు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారికి టెట్రాబెనజీన్ ఇచ్చే ముందు వైద్యుడికి ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

సూది మందు, ముసలితనం, ఇతర అనుమానితులు

నెలకోసారి వేసే సూది, బిళ్ళలు దాచిపెట్టే రోగి ఉన్న ఇంటికి నిజంగా వరమే. కానీ వేసిన సూదిని వెనక్కి తీయలేరు. నూనెలో కలిపిన ఫ్లూఫెనజీన్ వల్ల బిగుతు వస్తే వారాల తరబడి భరించాలి. కనుక అదే మందును ముందు బిళ్ళగా ఇచ్చి ఒంటికి పడిందని చూసుకున్నాకే సూదికి వెళ్ళాలి. వయసు మళ్ళినవారిలో సగం, పావు మోతాదులతో మొదలుపెట్టాలి. లేని మనుషులు కనిపిస్తున్నారంటూ, నడక మందగించి, మతి ఒకరోజు బాగుండి ఒకరోజు తప్పే పెద్దవారికి లెవీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉండవచ్చు. వారికి హాలోపెరిడాల్ వంటివి ప్రాణాంతకమైన బిగుతు తేగలవు.

ఇక మందు మార్చమని అడిగే ముందు పెట్టెలోని మిగతా బిళ్ళలు కూడా చూడండి. గ్యాస్ కోసం రాసే రాబెప్రజోల్‌తో కలిపి లెవోసల్పిరైడ్ ఉండే గొట్టం బిళ్ళలు మన ఇళ్ళలో నెలల తరబడి నడుస్తుంటాయి; లెవోసల్పిరైడ్ కూడా డోపమిన్‌ను మూసేదే, వణుకూ టార్డివూ తెచ్చేదే. వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. బైపోలార్ జబ్బుకు వాడే లిథియం వల్ల వచ్చే సన్నటి వణుకు చెయ్యి చాచినప్పుడు కనిపిస్తుంది, పార్కిన్సనిజం వణుకు చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కనిపిస్తుంది. లిథియం వాడేవారిలో వణుకు ముతకగా మారి వాంతులు, తడబాటు తోడైతే అది విషమించిన గుర్తు, వెంటనే రక్తంలో లిథియం కొలిపించాలి.

వైద్యుడు దూరంలో ఉన్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఇలాంటి చీటీలను సమీక్షించడం రోజువారీ పని. ఎక్కడికి వెళ్ళినా ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి ఉంచండి: ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నో రోజున, ఏ కదలిక తెచ్చింది, దేనితో తగ్గింది. అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీలో ఉన్న కొత్త వైద్యుడికి పాత కథంతా వినే తీరిక ఉండదు. ‘హాలోపెరిడాల్ సూదికి మెడ మెలితిరిగింది, ఫెనర్గన్‌తో తగ్గింది’ అన్న ఒక్క వరుస అతని చెయ్యి ఏ సీసా వైపు వెళ్ళాలో చెబుతుంది.